రాచెట్‌తో తిప్పు, రింగుతో విప్పు

ఈసారి ఉత్తరం మధిర దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. రాసిన తమ్ముడు టౌనులో రెండేళ్లు ఒక షెడ్డులో పని నేర్చుకుని, ఈ మధ్యే సొంతూళ్లో రోడ్డు పక్కన రేకులు వేసుకున్నాడు. ఎక్కువగా బైకులు, పనుల రోజుల్లో ట్రాక్టర్లూ ట్రాలీలూ చేస్తాడట. పొడుగ్గా రాశాడు, ముఖ్యమైన ముక్క ఇది:

“అన్నా, ఆన్‌లైన్‌లో ఐదారు వందలు పెట్టి 46 పీసుల సాకెట్ సెట్టు కొన్నాను. నెల కూడా తిరగలేదు, ఒక పాత బైకు ఇంజన్ ఫౌండేషన్ నట్టు రాకపోతే హ్యాండిల్‌కి పైపు తొడిగి లాగాను, లోపల టప్పుమని ఇప్పుడు రెండు వైపులా ఊరికే తిరుగుతోంది. రింగ్ స్పానర్‌లోనే రాచెట్ ఉండేవి వస్తున్నాయి కదా, అవి కొనమని మా ఫ్రెండు అంటున్నాడు. షాపులో 72 పళ్లని ఒకటి, 120 పళ్లని ఒకటి చూపిస్తున్నారు. ఏది కొనాలి? ఏ సైజులు కావాలి? దాంతోనే విప్పి దాంతోనే ఫుల్ టైట్ చేసుకోవచ్చా?”

తమ్ముడూ, “పైపు తొడిగి లాగాను” అన్న దగ్గరే నీ సమాధానం సగం ఉంది. నువ్వు కొన్న సెట్టులో హ్యాండిల్ చివర సాకెట్ తొడిగే చదరం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. నీ చిటికెన వేలు అంతకంటే లావు. రెండడుగుల పైపు తొడిగి నువ్వు ముప్పై కేజీల బలంతో లాగావనుకో, ఆ చిన్న తల మీద పడేది, తిప్పే బలం లెక్కలో, దాదాపు 180 న్యూటన్ మీటర్లు. పావు అంగుళం రాచెట్ ఎంత మంచి కంపెనీదైనా నేను 30 న్యూటన్ మీటర్లు దాటి లాగను. కాబట్టి ఆ సెట్టు చవకదని తిట్టుకోకు, చవకదే గానీ ఖరీదైనది కూడా ఆ రోజు నీ చేతిలో బతికేది కాదు.

లోపల ఏముందో ఒకసారి తెలిస్తే ఇక పైపు జోలికి పోవు. సైకిల్ వెనక చక్రం ఫ్రీవీల్ చూశావు కదా, తొక్కితే చక్రాన్ని పట్టుకుని లాగుతుంది, వెనక్కి తొక్కితే టకటకమంటూ జారిపోతుంది. రాచెట్ అంతా అదే. ఒక పళ్లచక్రం, దాని పళ్లల్లో పడే చిన్న నాలుక, ఆ నాలుకని నెట్టి ఉంచే అగ్గిపుల్ల తల అంత స్ప్రింగు. నువ్వెంత బలంతో లాగినా ఆ బలం మొత్తం నాలుక అంచున పట్టుకున్న నాలుగైదు పళ్ల మీదే పడుతుంది. అదే రింగ్ స్పానర్‌లో అయితే కదిలే ముక్కే లేదు, గట్టి ఇనుము నట్టు చుట్టూ పట్టుకుంటుంది. అందుకని మా షెడ్డులో ఒకటే పద్ధతి, మొండి నట్టుకి మొదటి పట్టు రింగ్ స్పానర్‌తో, ఒక చుట్టు వదులయ్యాక రాచెట్‌తో. రాచెట్ ఉన్నది తిప్పడానికి, విప్పడానికి కాదు.

అయితే తిప్పడమే కదా అని తీసిపారెయ్యకు. ఒక లెక్క చెప్తాను. 8 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలుగా మర 1.25 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటుంది. 30 మిల్లీమీటర్ల మర మీద నుంచి నట్టు బయటికి రావాలంటే 24 చుట్లు తిరగాలి. పన్నెండు మూలల రింగ్ స్పానర్‌తో ఇరుకు చోటులో ఒక్కో పట్టుకి 30 డిగ్రీలు తిప్పి, పైకెత్తి, మళ్లీ పెట్టి తిప్పాలంటే చుట్టుకి 12 సార్లు, మొత్తం 288 సార్లు ఎత్తి పెట్టాలి. అదీ స్పానర్ పట్టిన ప్రతిసారీ నట్టు మీద సరిగ్గా కూర్చుంటేనే, కూర్చోదు. చెయ్యి దూరని చోట, కన్ను ఆనని చోట, తల పక్కకి వంచి వేలితో వెతుక్కుంటూ ఈ పని చేసినవాడికే రాచెట్ స్పానర్ విలువ తెలుస్తుంది. ఒకసారి పెట్టి, ఇక ఎత్తకుండా ముందుకీ వెనక్కీ ఊపుతూ ఉంటే నట్టు దానంతటదే వచ్చేస్తుంది.

నీ దగ్గరికొచ్చే పనుల్లో ఇది బాగా పనికొచ్చేది ట్రాలీ కమాను పట్టీల దగ్గర. అక్కడ యూ-బోల్టుల మర బెత్తెడు పొడుగు బయటికి ఉంటుంది, మామూలు సాకెట్ పెడితే బోల్టు చివర సాకెట్ అడుగున తగిలి నట్టుని అందుకోదు. రాచెట్ స్పానర్ రింగు మధ్యలో ఖాళీ కాబట్టి బోల్టు ఎంత పొడుగున్నా అందులోంచి బయటికొచ్చేస్తుంది. కాకపోతే ఆ నట్లు బురదా తుప్పూ కలిసి గట్టిగా ఉంటాయి, ముందు వైర్ బ్రష్‌తో మర తోమి, ఆయిల్ వేసి, రింగ్‌తో కదిపాకే రాచెట్. సైలెన్సర్ క్లాంపులు, ఫ్యాన్ బెల్టు సర్దే బోల్టు, డైనమో బ్రాకెట్టు, స్ప్రేయర్ పంపుల ఫౌండేషన్ బోల్టులు, ఇలాంటి చోట్ల కూడా చాలా సుఖం.

ఇక పళ్ల లెక్క. షాపువాడు చెప్పే అంకె అబద్ధమేం కాదు, కానీ దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. చుట్టుకి 360 డిగ్రీలు, దాన్ని పళ్ల సంఖ్యతో భాగించు. 24 పళ్లదైతే 15 డిగ్రీలు కదిపితే గానీ తర్వాతి పన్ను అందదు, 36 అయితే 10, 72 అయితే 5, 120 అయితే 3 డిగ్రీలు. పది నంబరు, అంటే 10 మిల్లీమీటర్ల తలకి పట్టే రాచెట్ స్పానర్ జానెడు కన్నా కాస్త తక్కువ పొడుగుంటుంది, 16 సెంటీమీటర్లనుకో. 72 పళ్లదాని చివర 1.4 సెంటీమీటర్లు కదిలితే చాలు, 24 పళ్లదానికి 4.2 సెంటీమీటర్ల చోటు కావాలి. రెండు పైపుల మధ్య ఇరుక్కున్న నట్టు దగ్గర ఈ తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. కానీ 72 నుంచి 120కి వెళ్లినప్పుడు నీకు మిగిలేది అర సెంటీమీటరు. పైగా పళ్లు ఎక్కువయ్యే కొద్దీ ఒక్కో పన్ను సన్నబడుతుంది, మంచి కంపెనీలు రెండు నాలుకలు పెట్టో, ఎక్కువ పళ్లు ఒకేసారి పట్టుకునేలా నాలుకని వెడల్పు చేసో ఆ బలహీనతని సరిచేస్తాయి, చవక రకంలో ఆ పని ఎవడూ చెయ్యడు. దుమ్ము ఉండే షెడ్డులో, ట్రాక్టర్ బురద మధ్య, నేనైతే 72 తీసుకుంటాను. 120 వద్దు. ఏసీ గదిలో కూర్చుని కెమెరాలు రిపేరు చేసేవాడికి వదిలెయ్.

పళ్ల కన్నా నువ్వు ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది. రాచెట్ స్పానర్లలో రెండు రకాలు. ఒకటి పక్కన చిన్న మీట ఉండేది, మీట తోస్తే దిశ మారుతుంది. రెండోది మీట లేనిది, దిశ మారాలంటే స్పానర్‌ని బోల్టు మీద నుంచి తీసి తిరగేసి పెట్టాలి. రెండోది పలచగా ఉంటుంది, చవక కూడా, చూడ్డానికి బాగుంటుంది. దాంతో నేను పడ్డ పాట్లు విను.

విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గర చేరిన కొత్తలో, నా సొంత డబ్బుతో కొన్న మొదటి రాచెట్ స్పానర్ 13 నంబరుది, మీట లేనిది. ఒక జీపుకి డైనమో పక్క బోల్టు తియ్యాలి. పెట్టాను, ఊపుతున్నాను, టకటకమని బోల్టు బయటికొస్తోంది, నా అంతవాడు లేడనుకుంటున్నాను. సగం వచ్చాక ఆగిపోయింది. కింద పడుకుని టార్చి వేసి చూస్తే బోల్టు తల వెళ్లి ఛాసిస్‌కి ఆనుకుంది, మధ్యలో నా స్పానర్ ఇరుక్కుంది. బయటికి తిప్పడానికి చోటు లేదు, లోపలికి తిప్పుదామంటే దిశ మారదు, తీసి తిరగేద్దామంటే స్పానర్ రాదు. వేళ్లతో బోల్టుని తిప్పుదామన్నా తల మొత్తం రింగులోనే ఉంది. గంట సేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. చివరికి మేస్త్రి వచ్చి, ఒక్క మాట అనకుండా, ఇంజన్ ఫౌండేషన్ నట్లు వదులు చేసి కింద జాకీ పెట్టి ఇంజన్‌ని ఒక అంగుళం లేపి ఆ స్పానర్ తీసి నా చేతిలో పెట్టాడు. ఆయన తిట్టినా ఇంత గుర్తుండేది కాదు.

మీట ఉన్నదైతే ఆ రోజు మీట తోసి బోల్టు మళ్లీ లోపలికి ఎక్కించి స్పానర్ తీసేసేవాణ్ని, అర నిమిషం పని. అందుకని బోల్టు వెనక ఎంత చోటుందో ముందు వేలు పెట్టి చూసుకో, బోల్టు పొడుగు కన్నా చోటు తక్కువుంటే చివరి చుట్లు ఓపెన్ స్పానర్‌తో లాగాలి, అది ఎప్పుడైనా పక్కకి జారి వచ్చేస్తుంది. కొనేటప్పుడు మాత్రం మీట ఉన్నదే కొను. మీట ఉన్న రకంలో తల కొంచెం వంపుగా ఉంటుంది కాబట్టి వేలి కణుపులు ఇంజన్‌కి రాసుకోవు, అదొక లాభం. తల మడిచే రకం కూడా వస్తోంది, ఇప్పుడే వద్దు, ఆ కీలు వదులైతే గట్టి పట్టు దొరకదు.

మీటతో ఒక ప్రమాదం కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. నూనె చేతితో తోసినప్పుడు మీట సగంలో ఆగిపోతుంది. నాలుక పూర్తిగా పళ్లలో పడదు, చూడ్డానికి పట్టినట్టే ఉంటుంది, నువ్వు బలంగా లాగగానే జారిపోతుంది, చెయ్యి వెళ్లి ఇంజన్ ఫిన్‌లకి, ఆ పలచటి రేకుల అంచులకి కొట్టుకుంటుంది. నా కుడి చేతి మధ్య వేలి కణుపు మీద ఇప్పటికీ ఆ గీత ఉంది. మీట తోశాక బలం పెట్టకుండా ఒకసారి ఊపి, టక్కుమని పట్టిందో లేదో చూసి అప్పుడు లాగు. ఎప్పుడైనా నీ వైపుకి లాగాలి, అవతలికి నెట్టకూడదు. నెట్టక తప్పని చోట పిడికిలి బిగించకుండా అరచెయ్యి తెరిచి నెట్టు, జారినా కణుపులు పగలవు.

సైజులు. ఇక్కడ జనం డబ్బు తగలేస్తారు, పన్నెండు స్పానర్ల సెట్టు కొని అందులో ఐదు వాడతారు. మన దగ్గర తిరిగే బైకుల్లో జపాన్ పద్ధతివే ఎక్కువ, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టుకి తల 12, పది మిల్లీమీటర్ల బోల్టుకి 14. యూరప్ పద్ధతిలో అదే 8 బోల్టుకి తల 13, పదికి 17. జీపులూ ట్రాక్టర్లలో ఈ 13, 17, 19 ఎక్కువ కనిపిస్తాయి. అందుకని నీకు మొదట కావాల్సినవి 10, 12, 13, 14, 17. విడిగా అమ్మే షాపులో ఈ ఐదూ విడిగా తీసుకో, డబ్బు సరిపోకపోతే 10, 12, 14తో మొదలుపెట్టు, మిగతావి ట్రాలీ పని డబ్బులొచ్చాక కొనుక్కో. 8 నంబరు కూడా బైకుల్లో ఉంటుంది, క్లచ్ కవర్ బోల్టులవీ, కానీ వాటికి నీ దగ్గరున్న చిన్న సాకెట్ గానీ టీ స్పానర్ గానీ చాలు. 9, 11, 15 లాంటివి బాక్సులో నిద్రపోతాయి.

పాత మాసీ ట్రాక్టర్ వస్తే మాత్రం జాగ్రత్త. వాటిలో అంగుళాల కొలత బోల్టులు చాలా ఉంటాయి. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 స్పానర్ పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే మూలలు అరిగి గుండ్రమైపోతాయి. 9/16 అంటే 14.3, దానికి 14 ఎక్కదు, 15 వదులు. ముప్పావు అంగుళం 19.05, దానికి 19 సరిగ్గా సరిపోతుంది, అదొక్కటే అదృష్టం. వాటి కోసం రాచెట్ కొనొద్దు, అంగుళాల రింగ్ స్పానర్లు పాతవి దొరికితే తీసుకో. హైదరాబాద్ వెళ్లే పనుంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పొద్దున తిరిగి చూడు, పాత స్పానర్లు కుప్పలు పోసి అమ్ముతారు. రింగ్ స్పానర్ పాతదైనా పర్వాలేదు, కంటికి కనిపించేదే దాని మంచిచెడ్డా. పాత రాచెట్ మాత్రం వద్దు, లోపల ఏ పన్ను పోయిందో బయటికి తెలియదు.

షాపుకి వెళ్లేటప్పుడు జేబులో కొత్త బోల్టులు మూడు వేసుకెళ్లు, తలలు 10, 12, 14వి. షాపువాడు ఏమన్నా అననీ, స్పానర్‌లో బోల్టు పెట్టి అటూ ఇటూ కదిపి చూడు, లొడలొడలాడితే పక్కన పెట్టెయ్. తర్వాత తలని చెవి దగ్గర పెట్టుకుని రింగుని వేలితో నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పు. శబ్దం గడియారంలా ఒకే తీరుగా రావాలి. ఒక్కచోట మింగేసినట్టున్నా, ఒక్కచోట బిగుసుకున్నా వద్దు. ఇంకో పరీక్ష, వెనక్కి తిరిగేటప్పుడు ఎంత తేలిగ్గా తిరుగుతోందో చూడు. చాలామంది దీన్ని పట్టించుకోరు. వెనక్కి ఊపేటప్పుడు గట్టిగా ఉంటే, వదులైన నట్టు కూడా దాంతోపాటే వెనక్కి తిరిగేస్తుంది, నువ్వు ఊపుతూనే ఉంటావు, నట్టు ఉన్నచోటే ఉంటుంది. మంచిదానికి కూడా నట్టు బాగా వదులయ్యాక కాస్త ఇలా అవుతుంది, అప్పుడు అవతలి వైపు వేలు ఆనించి పట్టుకోవాలి. స్పానర్ మీద క్రోమ్ వెనేడియం అని గట్టి ఉక్కు పేరు రాసుంటుంది, ఉండటం మంచిదే, కానీ ఆ అక్షరాలు ఎవడైనా కొట్టగలడు, నేను నమ్మేది చెవినీ వేలినీ.

సాకెట్ సెట్టుకి వస్తే, ఈసారి కొనేటప్పుడు అర అంగుళం డ్రైవుది, అంటే హ్యాండిల్ చదరం అర అంగుళం ఉన్నది ఒకటి తీసుకో, కానీ దాంతో చిన్న బోల్టుల జోలికి పోకు. పెద్ద హ్యాండిళ్ల వెనక ఒక బటన్ ఉంటుంది, నొక్కితే సాకెట్ ఊడి పడుతుంది. ఆ బటన్‌ని 1960ల్లో కనిపెట్టింది పీటర్ రాబర్ట్స్ అని, అమెరికాలో సియర్స్ దుకాణంలో పనిచేసిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. పది వేల డాలర్లకి హక్కులు రాయించుకున్నారు, తర్వాత ఆ రెంచీలు లక్షల్లో అమ్ముడుపోయాయని తెలిసి అతను కోర్టుకెక్కాడు, రాజీ కుదిరేసరికి 1989 వచ్చింది, 80 లక్షల డాలర్ల పైనే ముట్టింది. ఆ బటన్ ఉన్నదే కొను, నూనె చేతితో సాకెట్ పీక్కోవడం ఎంత నరకమో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక నీ చివరి ప్రశ్న, దాంతోనే ఫుల్ టైట్ చెయ్యొచ్చా అని. బోల్టు ఎక్కించడం ఎప్పుడూ వేళ్లతోనే. మొదటి మూడు నాలుగు చుట్లు వేలితో తిరగకపోతే మర తప్పిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టు. రాచెట్‌తో మొదలుపెడితే ఆ తేడా చేతికి తెలియదు, అడ్డంగా ఎక్కుతున్న బోల్టుని కూడా అది టకటకమంటూ హాయిగా లోపలికి తోసేస్తుంది, అల్యూమినియం బాడీలో మర పోయాక ఏడ్చి లాభం లేదు. వేలితో ఎక్కించి, రాచెట్‌తో తల ఆనేదాకా తిప్పి, ఆఖరి బిగింపు వేరే దాంతో. బైకు కవర్ బోల్టులు, అంటే 6 మిల్లీమీటర్లవి, 10 నుంచి 12 న్యూటన్ మీటర్లే అడుగుతాయి. 25 సెంటీమీటర్ల హ్యాండిల్‌తో అది నాలుగైదు కేజీల లాగుడు, రెండు వేళ్లతో లాగితే చాలు. మనం పిడికిలితో పట్టి భుజం బలం పెడతాం, బోల్టు టప్పుమని తల ఊడి చేతిలోకొస్తుంది, మిగతాది లోపలే. అందుకే చిన్న బోల్టుకి పొట్టి స్పానరే పట్టుకో, పొట్టి స్పానర్ నీ బలాన్ని తగ్గించి పుణ్యం కట్టుకుంటుంది.

హెడ్డు నట్లు, కనెక్టింగ్ రాడ్ నట్లు, చక్రం నట్లు లాంటివాటికి టార్క్ రెంచే, అంటే ఎంత బిగించాలో అంకె పెట్టుకుని బిగించే రెంచి. డబ్బులు చేతిలో ఆడాక నువ్వు కొనాల్సిన తర్వాతి సామాను అది, 120 పళ్ల రాచెట్ కాదు. హెడ్డు నట్లు ఒకదాని తర్వాత ఒకటి వరసగా కాకుండా ఎదురెదురుగా, ఒకేసారి కాకుండా రెండు మూడు దఫాలుగా బిగించు, ఎంత బిగించాలో ఆ బండి సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. టార్క్ రెంచితో నట్లు విప్పకు, పనయ్యాక దాని అంకెని కిందికి దించి పెట్టు, అంతే.

మొండి నట్టు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే నీ గొడవంతా అక్కడే మొదలైంది. తుప్పు తోమి, తుప్పు వదిలించే ఆయిల్ చల్లి, టీ తాగి రా. నిజంగానే, పావుగంట వదిలెయ్. తర్వాత బోల్టు తల మీద సుత్తితో రెండు మూడు దెబ్బలు నిలువుగా కొట్టు, మరలో పట్టు సడలుతుంది. ఆరు మూలల సాకెట్ గానీ రింగ్ గానీ పెట్టు, పన్నెండు మూలలది అరిగిన తలని ఇంకా గుండ్రం చేస్తుంది. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు కాస్త కదిపి, చిన్నగా కిర్రుమన్నాక విప్పే వైపు లాగు. అప్పటికీ రాకపోతే అర అంగుళం డ్రైవు పొడుగు బారు పెట్టు, దానికి రాచెట్ ఉండదు, గట్టి కడ్డీ. రాచెట్‌ని సుత్తితో కొట్టకు, దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే ఇంపాక్ట్ గన్‌కి మెరిసే క్రోమ్ సాకెట్లు పెట్టకు, పగిలి ముక్క కంట్లో పడొచ్చు, దానికి నల్లటి సాకెట్లు వేరే ఉంటాయి.

శుభ్రం చెయ్యడం పెద్ద పనేం కాదు. సాయంత్రం గుడ్డతో తుడిచి, వారానికోసారి తలలో కుట్టుమిషన్ ఆయిల్ ఒక్క చుక్క. గ్రీజు కూరొద్దు, సన్న పళ్లల్లో గ్రీజూ దుమ్మూ కలిసి మైనంలా గడ్డకట్టి నాలుకని లోపలికి పడనివ్వవు.

ఆ విరిగిన హ్యాండిల్ పారేశావా? పారెయ్యకపోతే తల వెనక చిన్న స్క్రూ గానీ, సర్క్లిప్ అనే చీలిక రింగు గానీ ఉంటుంది, కింద గుడ్డ పరుచుకుని జాగ్రత్తగా విప్పు, స్ప్రింగు ఎగిరిపోతే మళ్లీ దొరకదు. స్ప్రింగు పక్కకి తప్పుకుందంతే అయితే సరిచేసి పెట్టుకోవచ్చు, ఒక్కోసారి అదే అవుతుంది. పళ్లు తెగి ఉంటే మాత్రం ఎన్ని తెగాయో లెక్కపెట్టి నాకు రాయి. సాకెట్లు బాగానే ఉన్నాయి కదా, ఆ సెట్టులోనే అడ్డంగా జరిగే టీ కడ్డీ ఒకటి ఉంటుంది, ఈలోగా దాంతో నడిపించు.